వంతెనకి సిందూరం

రైల్లో నిద్రపోతున్న పిల్లల్ని గోదావరి రాగానే లేపడం మా ఇంట్లో ఆచారం. అర్ధరాత్రయినా సరే, తెల్లవారుజామయినా సరే, "లేవండర్రా, గోదారొచ్చింది" అని అమ్మ ఒక్కొక్కళ్ళనీ తట్టేది. కళ్ళు నులుముకుంటూ కిటికీ దగ్గిరికి జరిగేసరికి బండి చప్పుడు మారిపోయేది. అప్పటిదాకా నేలమీద నడిచిన బండి ఏదో పెద్ద ఇనప డోలులోకి దూరినట్టు దడదడమని మోగేది. అమ్మ కొంగుముడి విప్పి తలా ఒక బిళ్ళ చేతిలో పెట్టి, "దణ్ణం పెట్టుకుని వెయ్యండి. దూలాలకి తగలకుండా నీళ్ళల్లో పడాలి సుమా" అనేది.

నాకు గుర్తున్నంతవరకూ నేను వేసిన పదిపైసల బిళ్ళ ఒక్కటి కూడా నీళ్ళల్లో పడలేదు. అన్నీ ఇనప దూలాలకి తగిలి టంగుమని ఎటో ఎగిరిపోయేవి. సెలవలకి రాజమండ్రిలో దిగి అమ్మమ్మ ఇల్లు చేరగానే ఏడుపుమొహం పెట్టి ఈ సంగతి చెప్తే, అమ్మమ్మ నవ్వి "పోనీలేవే. గోదారమ్మకి అందరూ వేస్తారు. మనందర్నీ మోసేది ఆ వంతెన. దానికీ ఓ పదిపైసలుండాలిగా" అనేది.

అమ్మమ్మ నన్ను ఊరుకోబెట్టడానికి అన్నమాటే అది. ఇన్నేళ్ళయ్యాక ఆలోచిస్తే ఆవిడ ఎంత సరైన మాట అన్నదా అనిపిస్తోంది. నదికి పూజలున్నాయి, హారతులున్నాయి, పన్నెండేళ్ళకోసారి పుష్కరాలున్నాయి. నదిని దాటించే వంతెనకి ఏమున్నాయి? దాన్ని కట్టిన తేదీ చరిత్రలో వుంది. దాన్ని రోజూ నిలబెట్టిన చేతుల సంగతి మాత్రం ఎవరూ రాసిపెట్టినట్టు లేదు. ఈ వారం ఆ చేతుల సంగతి మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను. కట్టినవాళ్ళ సంగతి చెప్పకుండా కాపాడినవాళ్ళ సంగతి చెప్పడం కుదరదు గనక ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

మా అమ్మమ్మ అత్తగారి పుట్టిల్లు రాజమండ్రి. అత్తిల్లు కొవ్వూరు అవతల ఒక పల్లె. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది, రెండింటికీ మధ్య ఎంత దూరమని! కానీ మధ్యలో వున్నది గోదావరి. అప్పటికే కాటన్ దొర ధవళేశ్వరం దగ్గిర ఆనకట్ట కట్టించి (అది పూర్తయింది 1852లో) నలభై ఏళ్ళు దాటింది. కాలవలనిండా పడవలు తిరుగుతున్నాయి. లాకుల దగ్గిర తలుపులు తీసి మూసి, నీళ్ళు నింపి వదిలి, పడవని మెట్టు దింపినట్టు దింపుతున్నారు. 1893 నాటికి రైలు కూడా వచ్చింది. బెజవాడ వైపునించి వచ్చే రైలు కొవ్వూరులో ఆగిపోయేది. విశాఖపట్నం వైపు వెళ్ళేది రాజమండ్రిలో బయల్దేరేది. మధ్యలో గోదావరి మాత్రం అలాగే వుంది. రైలు దిగి, మూటా ముల్లె దింపుకుని, ఏరు దాటి, మళ్ళీ రైలెక్కాలి.

వేసవిలో ఫరవాలేదు. వరదొస్తేనే కష్టం. గోదావరికి వరదొచ్చే నెలలూ మన ఆడవాళ్ళకి నోములొచ్చే నెలలూ ఒకటే. శ్రావణ మంగళవారాలు పుట్టింట్లో నోచుకోవలసిన కొత్త పెళ్ళికూతురు కొవ్వూరు ఒడ్డున నుంచుని ఎర్రగా పరవళ్ళు తొక్కే నీళ్ళని చూసి వెనక్కి మళ్ళిన కథ మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఏటి అవతలి సంబంధమంటే ఆడపిల్లల తల్లులు ఊరికే వెనకాడేవారా మరి!

వంతెన పని 1897 నవంబరు 11న మొదలయింది. పనిమీదికి వచ్చిన ఇంజనీరు గ్రాన్విల్ వాల్టన్. ఆయన అంతకుముందు కాశీలో గంగమీద డఫరిన్ వంతెన కట్టించినవాడు. అది 1887 నాటిది. పేరు మార్చుకుని మాలవ్యా వంతెనగా ఇప్పటికీ వుంది. కాశీ వెళ్ళినవాళ్ళు చెంబులో గంగ తెచ్చుకుంటారు. ఈయన గంగ దగ్గిర నేర్చుకున్న విద్యని గోదావరికి తెచ్చుకున్నాడన్నమాట.

గోదావరి అడుగున వున్నది ఇసక. ఇసకమీద స్తంభం నిలబెట్టడమంటే ఏమిటో మనకి తెలియనిది కాదు. పెరట్లో నుయ్యి తవ్వేటప్పుడు వరలు దింపడం చూశారు కదా? వర నిలబెట్టి, దాని లోపలి ఇసక తోడుతూ వుంటే అది తన బరువుకి తానే దిగుతుంది. దానిమీద ఇంకో వర. నదిలో స్తంభాలకి పునాది వేసే పద్ధతీ ఇదే. కాకపోతే అక్కడ వరలంటే ఇనప అంచుమీద కట్టిన లావుపాటి గోడలు. లోపలి ఇసక తోడినకొద్దీ బావి కిందికి దిగుతుంది. గట్టి అడుగు తగిలాక దాన్ని పూడ్చేసి, దానిమీద రాతి స్తంభం లేపుతారు. నీళ్ళకోసం తవ్వే బావి ఒకటి, నీళ్ళని దాటడానికి తవ్వే బావి ఒకటి!

అలా లేపిన స్తంభాలమీద ఉక్కు దూలాల చట్రాలు పరిచారు. మొత్తం 56 అంకణాలు. ఒక్కో అంకణం 150 అడుగులు. మన పాత ఇళ్ళలో నాలుగంకణాల ఇల్లంటేనే గొప్ప. ఇది 56 అంకణాల ఇల్లు, మైలున్నర పైచిలుకు పొడవు. ఆ దూలాలన్నీ ఇంగ్లండులో తయారై ఓడలెక్కి వచ్చాయి. మూడేళ్ళయినా నిండకుండా పని ముగించి 1900 ఆగస్టు 30న వంతెన తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. మన చరిత్ర పుస్తకాల్లో 1857 దగ్గిర కనిపించే హేవ్‌లాక్ వేరు, ఈయన వేరు. ఊళ్ళోవాళ్ళకి ఆ పేర్లన్నీ ఎందుకు? "గోదారి బ్రిడ్జి" అన్నారు. దాని తర్వాత ఇంకోటి వచ్చాక "పాత బ్రిడ్జి" అన్నారు.

అన్నట్టు ఆగస్టు 30 అంటే ఆ ఏడు వినాయకచవితి వెళ్ళిన రోజులు. శ్రావణం దాటిపోయింది. మా అమ్మమ్మ అత్తగారికి ఆ యేటి నోము కూడా పుట్టింట దక్కలేదు. మరుసటి శ్రావణానికి మాత్రం రైలెక్కి, వరద గోదావరిని కిందికి చూస్తూ, ఒళ్ళో పసుపూ కుంకుమా పొట్లాలు గట్టిగా పట్టుకుని పుట్టింటికి వచ్చిందిట. "కింద ఏరు అంతెత్తున పోతోంది, నా కాళ్ళు మాత్రం తడవలేదే" అని ముసలితనంలో కూడా ఆశ్చర్యపోతూ చెప్పేదిట. చరిత్రలో వంతెన ప్రారంభం ఒక్కసారే జరిగింది గానీ, ఇలా ఒక్కో ఇంట్లో ఒక్కో రోజున మళ్ళీ మళ్ళీ జరిగిందనుకుంటాను.

ఇంతవరకూ కట్టిన కథ. ఇక కాపాడిన కథ.

మా అమ్మమ్మ వాళ్ళు తర్వాత రాజమండ్రిలోనే స్థిరపడ్డారు. ఇల్లు గోదావరి స్టేషనుకి దగ్గిర. వంతెనమీద పనిచేసే ఖలాసీ ఒకాయన మధ్యాహ్నం వేళ మజ్జిగకోసం మా అరుగుమీదికి వచ్చేవాడు. మేం తాతా అనేవాళ్ళం. మనిషి బక్కపల్చగా వుండేవాడు. చేతులు మాత్రం మోచేతులదాకా ఎర్రటి కాషాయరంగులో వుండేవి.

"ఏవయ్యా, ఆంజనేయస్వామి గుళ్ళోంచి వస్తున్నావా?" అనేది అమ్మమ్మ.

"ఆయ్, లేదండమ్మగారూ. మాది ఇనప సావండి. ఈయనకి కూడా సిందూరవే పుయ్యాలండి" అనేవాడు.

అది వేళాకోళం అనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, అక్షరాలా నిజమని. ఇనుముకి తుప్పు పట్టకుండా మొదటిపూతగా వేసే ఎర్రరంగు సీసంనించి తయారవుతుంది. గుళ్ళో హనుమంతుడికి పూసే సిందూరం కూడా తరతరాలుగా అదే సరుకు. (అది ఒంటికి మంచిది కాదని ఇప్పుడు అందరికీ తెలుసు, తాతకి ఎవరూ చెప్పినట్టు లేరు.) ముందు పాత తుప్పంతా ఇనప బ్రష్షుతో గీకాలి. అప్పుడు సిందూరపు పూత. అది ఆరాక పైరంగు. 56 అంకణాల్లో ఈ చివరనించి మొదలుపెట్టి ఆ చివరకి చేరేసరికి ఈ చివర మళ్ళీ తుప్పు తొంగిచూస్తుంది. మన వంటిల్లు గుర్తు రావడంలేదూ? రాత్రి పొయ్యి అలికి ముగ్గేసి పడుకుంటాం. పొద్దున్న మళ్ళీ అదే పొయ్యి, అదే అలుకు. అలికిన పొయ్యిని ఎవరూ చూడరు. అలకని రోజున మాత్రం అందరికీ కనిపిస్తుంది.

ఒకరోజు తాత చిన్న సుత్తి ఒకటి చూపించాడు. ఆటబొమ్మలా వుంది. "ఇంత పెద్ద వంతెనకి ఇంత బుల్లి సుత్తా తాతా?" అన్నాను.

"కొట్టడానికి కాదండి పాపగారూ, ఇనడానికండి" అన్నాడు. "సంతలో కుండ కొనేప్పుడు అమ్మగారు వేలెట్టి కొట్టి చూస్తారు కదండీ? ఇదీ అంతేనండి. ఈ పక్క సుత్తితో ఓ దెబ్బేసి, ఆ పక్క ఏలు ఆనిచ్చి చూస్తావండి. గట్టిగా వున్న మేకైతే ఖంగుమంటాదండి. ఒదులైతే ఏలికి తెలిసిపోద్దండి, ఒణుకుతాదండి."

దూలాలన్నిటినీ కలిపి పట్టివుంచేవి ఆ గుండుతల మేకులే. రివెట్లంటారు. ఎర్రగా కాల్చి, చిల్లులో దూర్చి, రెండో కొస కూడా గుండుగా కొట్టేస్తారు. బండి పోయినప్పుడల్లా వణికి వణికి ఏళ్ళమీద వాటిలో కొన్ని వదులవుతాయి. అందుకని వరసగా కొట్టి వింటూ పోవాలి. వదులైనదాని చుట్టూ సున్నంతో గుర్తు పెట్టి, తీసి, కొత్తది బిగించాలి. ఎన్ని వేల మేకులో! వాటిని చెవితోనూ వేలికొసతోనూ వెతికిన మనుషులున్నారన్న ఆలోచన, కిటికీలోంచి బిళ్ళలు విసిరేటప్పుడు మనకి వచ్చిందా?

ఇంకో సంగతి కూడా తాతే చెప్పాడు. వంతెన కదులుతుందిట! నాకు భయమేసింది. అది భయపడవలసిన కదలిక కాదు. ఎండకి ఇనుము సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 150 అడుగుల ఉక్కు దూలం, పుష్యమాసపు తెల్లవారుజాముకీ రోహిణీకార్తె మధ్యాహ్నానికీ మధ్య అర అంగుళానికి పైగా పొడుగవుతుంది. 56 అంకణాలూ కలిపి లెక్క వేసుకోండి, దగ్గిర దగ్గిర ఒక గజం! అందుకే ప్రతి దూలాన్నీ ఒక కొస బిగించి, రెండో కొస స్తంభంమీద జారేందుకు వీలుగా వదిలేస్తారు. ఆ జారే చోట దుమ్ము పేరుకోకుండా తుడిచి జిడ్డు పెట్టకపోతే దూలం జారదు. జారకపోతే ఆ జోరంతా కింది రాతిమీద చూపిస్తుంది. ఇంట్లో కూడా అంతే కదూ? కాస్త ఇటూ అటూ జరగడానికి చోటుంటే ఎంత బరువైనా మోస్తాం. అది లేనప్పుడే గోడలు బీటలిస్తాయి.

కదిలే వంతెనంటే నాకు రామేశ్వరం గుర్తొస్తుంది. యాత్రకి వెళ్ళినవాళ్ళు పాంబన్ దగ్గిర సముద్రంమీది పాత రైలు వంతెన చూసే వుంటారు. 1914 నాటిది. ఓడ వస్తే నడిమధ్య అంకణం రెండుగా విడిపోయి, రెండు ముక్కలూ దణ్ణం పెట్టే చేతుల్లా పైకి లేచేవి. ఇంత వంతెననీ మనుషులే చేతుల్తో తిప్పి లేపేవారు. మన లాకుల దగ్గిర లస్కర్లు తలుపులు తిప్పినట్టే. 1964 డిసెంబరు తుఫానులో ఆ వంతెన దూలాలు చాలామట్టుకు సముద్రం పాలయితే, ఇంజనీరు శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో మళ్ళీ నిలబెట్టారు. ఆ తర్వాత యాభై ఏళ్ళు దాటి పనిచేసి, 2022 డిసెంబరులో అది విశ్రాంతి తీసుకుంది. 2025 ఏప్రిల్ 6న దాని పక్కనే కొత్తది తెరిచారు. దాని మధ్య అంకణం లిఫ్టులా నిలువునా పైకి వెళుతుంది.

ఆ పాత పాంబన్ వంతెననీ మన పాత గోదావరి వంతెననీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తోచింది. లేచే వంతెనకి నోరుంది. జిడ్డు పెట్టకపోతే లేవనని మొరాయిస్తుంది. ఇటు ఓడ ఆగిపోతుంది, అటు రైలు ఆగిపోతుంది. పదిమందీ పరుగెత్తుకొస్తారు. మన వంతెనకి నోరులేదు. నోరులేని కోడలిలాగా పెట్టినా పెట్టకపోయినా మోస్తూనే వుంటుంది. లోపల తుప్పు తినేస్తున్నా పైకి అలాగే కనిపిస్తుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగలేనిదానికి పెట్టాలంటే, అది అడగకముందే వెళ్ళి కొట్టి వినే మనిషి వుండాలి. బుల్లి సుత్తి పట్టుకున్న తాతలాంటి మనిషి.

స్కాట్లండులో ఫోర్త్ అనే ఏటిమీద 1890లో కట్టిన ఉక్కు వంతెన ఒకటుంది. మన వంతెనకి పదేళ్ళు అక్క. దానికి రంగు వేయడం ఎప్పటికీ తెమలదని, ఎంతకీ ముగియని పనికి అక్కడ అదే సామెత అయిపోయింది. వాళ్ళు విసుక్కోలేదు. పాత రంగంతా గీకి, పదేళ్ళపాటు పనిచేసి, 2011లో పాతికేళ్ళు నిలుస్తుందనుకునే కొత్త పూత ముగించారు. ఆ అక్కమీద ఇవాళ కూడా రైళ్ళు తిరుగుతున్నాయి. ఇనుముకి ఆయువు ఇన్నేళ్ళని బ్రహ్మ రాసిపెట్టలేదు. పూసిన పూతని బట్టి వుంటుంది.

1986 ఆగస్టు వరద మా వైపు ఎవరూ మరిచిపోరు. ధవళేశ్వరం దగ్గిర 35 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు వచ్చాయి. లంకలు మునిగాయి, గట్లు తెగాయి, ఊళ్ళకి ఊళ్ళు కట్టుబట్టలతో బయటపడ్డాయి. అప్పటికి పాత వంతెన వయసు 86. "రాత్రంతా లాంతర్లెట్టుకుని నీళ్ళకేసి చూస్తా కూచున్నావండి" అని చెప్పేవాడు తాత. వరదొచ్చినప్పుడు చూడవలసింది పైన పొంగే నీళ్ళని కాదుట, స్తంభం అడుగున ఏం జరుగుతోందో అదిట. నీటి వడికి స్తంభం చుట్టూ ఇసక కోసుకుపోతుంది. సముద్రం ఒడ్డున నుంచుంటే కాళ్ళకింద ఇసక జారిపోతుందే, అలాగ. అందుకని పెద్ద నదులమీది వంతెనలకి వానల ముందొకసారి, వానలు వెళ్ళాక ఒకసారి, తాడుకి గుండు కట్టి దింపి లోతు చూస్తారు. ఎక్కువ కోసుకుపోయిన చోట బండరాళ్ళు పోస్తారు. ఆ వరద తీశాక మన వంతెన దాని చోటులో అది వుంది. వంతెన కట్టినప్పుడు దించిన బావుల గొప్ప సగం. ఏటేటా లోతు చూసినవాళ్ళ గొప్ప సగం.

1974లో కింద రైలూ పైన రోడ్డూ వున్న రెండో వంతెన వచ్చింది. 1997లో పాత వంతెనకి పక్కనే, కాంక్రీటు విల్లులు వరసగా వంచిపెట్టినట్టుండే మూడోది సిద్ధమయింది. ఇవాళ రాజమండ్రి అనగానే కేలండర్లమీదా సినిమాల్లోనూ కనిపించేది అదే. బళ్ళు బరువెక్కాయి, వేగం పెరిగింది. 97 ఏళ్ళు మోసిన పాత వంతెనకి ఆ ఏడే సెలవిచ్చారు.

సెలవివ్వడం న్యాయమే. నూరేళ్ళ ముసలమ్మ చేత బిందెలు మోయించమని నేననను. కానీ అప్పటినించీ జరిగింది చూడండి. బండి ఆగిపోవడంతో సుత్తీ ఆగిపోయింది, సిందూరమూ ఆగిపోయింది. పాత ఇనుముకింద అమ్మేస్తే సరిపోతుందన్న మాట వినిపించింది. ఊరి జనం వద్దన్నారు, మా ఊరి గుర్తు మాకు కావాలన్నారు. అమ్మకం ఆగింది. కానీ అమ్మకపోవడం వేరు, పోషించడం వేరు. 97 ఏళ్ళూ రోజుకిన్ని బళ్ళు మోస్తూ కూడా నిగనిగలాడిన ఉక్కు, ఏ బరువూ లేకుండా వూరికే వున్న ఈ పాతికేళ్ళలోనే వడిలిపోయింది. పక్క వంతెనమీద రైల్లో వెళుతూ చూస్తే మీకే తెలుస్తుంది. పనిలో వున్నప్పటికంటే పని మానేశాకే మనిషి తొందరగా ముసలివాడవుతాడంటారు. ఇక్కడ ఇనుము కూడా అంతే అయింది. పని మానేయడంతో దాన్ని చూసుకునేవాళ్ళు కూడా మానేశారు.

ఇప్పుడు మళ్ళీ కాస్త కదలిక వచ్చింది. 2025 జూన్ 26న రాజమండ్రిలో అఖండ గోదావరి పేరుతో 94 కోట్ల రూపాయల పైచిలుకు పథకానికి శంకుస్థాపన చేశారు. అందులో ఈ పాత వంతెనని యాత్రికులు చూసి ఆనందించే చోటుగా మార్చడం కూడా వుంది. 2027లో పుష్కరాలు. సంతోషమే. సాయంత్రంపూట పిల్లల చెయ్యి పట్టుకుని గోదావరి నడుమ దాకా నడిచి వెళ్ళి, ఎర్రబడే నీళ్ళకేసి చూస్తూ నుంచోవడం ఎవరికి ఇష్టం వుండదు? మా అమ్మమ్మ అత్తగారు కిటికీలోంచి చూసిన ఏటిని నేను నడుస్తూ చూడొచ్చు.

నా బెంగల్లా ఒక్కటే. పెళ్ళికి ఇల్లు సున్నం వేయించడం మనకి బాగా తెలుసు. పెళ్ళయ్యాక పైకప్పు కారుతుంటే చూసేవాడుండడు. దీపాలు పెడతారు, కుర్చీలు వేస్తారు, తినుబండారాల కొట్లు పెడతారు. శిలాఫలకం మీద పేర్లుంటాయి. పుష్కరాలు వెళ్ళిన మరుసటేడు, ఆ మరుసటేడు, ఈ 56 అంకణాలనీ గీకి పూత వేసేదెవరు? జారే చోట్ల జిడ్డు పెట్టేదెవరు? సుత్తితో కొట్టి వినేదెవరు? పథకంలో ఆ పద్దు కూడా ఏటేటా వుండాలని, ఎవరైనా అడిగితే బాగుండునని నా ఆశ. కోట్ల లెక్కల్లో అది చిన్న పద్దే అయివుంటుంది. ఇంటి ఖర్చు రాసుకునే ప్రతి ఇల్లాలికీ తెలుసు, నెలనెలా చిన్న పద్దు తప్పితే ఏడాదికి పెద్ద పద్దు నెత్తిన పడుతుందని.

తాతని చివరిసారి చూసింది వంతెనకి సెలవిచ్చిన మరుసటేడు, దసరా సెలవల్లో. అప్పటికి ఆయన ఉద్యోగం కూడా అయిపోయింది. పుష్కరాలరేవు మెట్లమీద కూచుని వున్నాడు. చేతులు తెల్లబడిపోయాయి. పక్క వంతెనమీద బండి వెళుతోంది. అందరూ దానికేసి చూస్తున్నారు, ఈయన మాత్రం ఇటు ఖాళీగా వున్న పాతదానికేసి చూస్తున్నాడు. "ఏం తాతా, ఇక్కడ కూచున్నావు?" అన్నాను. నన్ను పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"ఏం లేదండి పాపగారూ" అన్నాడు. "వానలెల్లిపోయినాయి కదండీ. రంగేసే ఏళయిందండి."

ఈ ఏడు కూడా వానలు వెళ్ళిపోయాయి.